రెండు వందల పన్నెండోది

ఆ ఆసుపత్రిలో కంప్యూటర్లు రెండు వందల పన్నెండు. వాటన్నిటికీ ఒక్కడే దిక్కు, కేబులాయన. పాతికేళ్ల కిందట గోడలకు రంధ్రాలు పొడిచి తీగలు లాగే పనికి వచ్చాడు. మిగతాదంతా పాడైన పెట్టెలు విప్పి, పాత పుస్తకాలు తిరగేసి తనంతట తానే నేర్చుకున్నాడు. పేరు మాత్రం అదే ఉండిపోయింది.

ఒకప్పుడు ఆయన కాలు ఒకచోట నిలిచేది కాదు. "కేబులాయనా, మా పెట్టె మళ్లీ అలిగింది, వచ్చి కాస్త బుజ్జగించవయ్యా" అని నర్సులు కేకేసేవారు. ఎవరి పిల్లకు సంబంధం కుదిరిందో, ఎవరికి ఎవరితో పడటం లేదో, బల్ల కింద దూరి తీగలు సర్దుతుండగానే ఆయన చెవిన పడేది.

ఆ తిరుగుడు మాన్పించుకున్నదీ ఆయనే. ఒక్కచోట కూర్చుని అన్ని యంత్రాలనూ నడిపించే సాఫ్ట్‌వేర్ ఉందని తెలిసి, నాలుగు నెలలు దానితో కుస్తీ పట్టాడు. జాబితాలో చేర్చిన ప్రతి యంత్రానికీ తెర మీద ఒక పచ్చ చుక్క. ఒక్క ఆజ్ఞ ఇస్తే అన్నీ ఒకేసారి వింటాయి. సాయంత్రం అయిదింటికి ఆ రోజు పనంతా దానంతటదే కాపీ అయిపోతుంది. అది ఎంత నిక్కచ్చిగా కుదిరిందంటే, ఆయన ఫోన్ మోగడం మానేసింది. లిఫ్టు మోటారు పక్కన, కిటికీ లేని గదిలో ఆయనా చుక్కలూ మిగిలారు.

భార్య పోయాక చెల్లెలి ఇంట్లో మేడ మీది గదిలో ఉంటున్నాడు. "ఇవాళైనా మనుషులతో మాట్లాడావా అన్నయ్యా, చుక్కలతోనేనా?" అని చెల్లెలు ఎత్తిపొడిచేది.

"మాట్లాడానే" అనేవాడు. అబద్ధం కాదు. చుక్కలు రెండు వందల పదకొండే.

మిగిలిన ఒక్కటీ కింది అంతస్తులో రికార్డు గదిది. చివికిపోయిన రిజిస్టర్లలోని రోగుల పేర్లు ఒక పెద్దావిడ అందులోకి ఎక్కిస్తూ ఉంటుంది. అందరికీ ఆమె అక్కే. ఆ యంత్రాన్ని ఆయన కావాలనే జాబితాలో చేర్చలేదు. రోజూ పదకొండింటికి చొక్కా జేబులో స్క్రూడ్రైవర్ పెట్టుకుని దిగి, చేత్తోనే కాపీ తీసేవాడు. అయిదు నిమిషాల పని. ఈలోగా ఆమె ఫ్లాస్కులోని టీ రెండు కప్పుల్లో పోసేది.

"నా పెట్టె ఒక్కటే ఇంత మొండిదేం తమ్ముడూ?"

"యజమాని పోలిక అక్కా."

ఒకసారి ఆయనకు జ్వరమొచ్చి మూడు రోజులు మంచం దిగలేదు. మూడో రోజు ఆమె డిస్కు పోయింది. కాపీ లేని ఆరు వందల పేర్లు దాంతోపాటే పోయాయి.

"పోనీలే, మళ్లీ కొడతాను. జ్వరమొస్తే నువ్వు మాత్రం ఏం చేస్తావు?" అందామె, కళ్లజోడు తీసి కళ్లు నలుపుకుంటూ.

ఆ ఓదార్పును ఆయన భరించలేకపోయాడు. "జ్వరం వల్ల కాదక్కా. అన్నిటికీ పైనుంచే కాపీ తీస్తాను. మీదొక్కటే కలపలేదు."

"ఎందుకూ?"

కొత్త డిస్కుకు చివరి మర బిగించేదాకా ఆయన తలెత్తలేదు. "కలిపితే నాకిక్కడ పనుండదు."

ఆమె ఆ రోజు ఫ్లాస్కు మూత తీయలేదు.

పైకి వెళ్లి కలిపేశాడు. రెండు వందల పన్నెండు. తన పనిలో అంతకాలం ఉన్న తప్పు సరిదిద్దుకున్నందుకు తేలిగ్గా ఉండాలి. లేదు. మర్నాటి నుంచి ఆ కొత్త చుక్క పొద్దున తొమ్మిదికి పచ్చబడటం, సాయంత్రం అయిదున్నరకి ఆరిపోవడం చూస్తూ కూర్చున్నాడు. ఆమె వచ్చింది, వెళ్లింది. అంతవరకే తెలిసేది.

నాలుగో రోజు పదకొండింటికి కాళ్లు వాటంతటవే కిందికి దిగాయి. రికార్డు గది తలుపు ఓరగా తెరిచి ఉంది. బల్ల మీద రెండు కప్పులు. ఒకదాని మీద సాసరు బోర్లించి ఉంది.

జేబు తడుముకున్నాడు. స్క్రూడ్రైవర్ లేదు. చేతిలో పని లేకుండా ఒకరి గదిలోకి ఎలా వెళ్లాలో ఆయన ఏ పుస్తకంలోనూ చదవలేదు.

లోపల కీబోర్డు చప్పుడు ఆగింది. "ఎవరది?"

"నేనే అక్కా" అన్నాడు. గడప దగ్గరే నిలబడిపోయాడు.