అక్క చిక్కుడు మొలిచింది

మొలిచిందండీ, మా అక్క చిక్కుడు మొలిచింది! పొద్దున కరీంనగర్ నుంచి నా బిడ్డ ఫోన్ చేసినప్పటి నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. కానీ ఈ మాట ఎవరికి ముందుగా చెప్పాలో ఆ మనిషే లేదు. సిద్దిపేటలో మా పక్కింటి అక్క ఈ నెలలోనే కన్నుమూసింది. తోడబుట్టింది కాదు, అంతకన్నా ఎక్కువ.

అక్క ఊరు రిజర్వాయరులో మునిగింది. ఇల్లు, పొలం, భర్తను మట్టి చేసిన జాగ, అన్నీ నీళ్ల కిందికి పోయాయి. కొంగున కట్టుకొచ్చింది పిడికెడు ఎర్రచిక్కుడు గింజలే. మా కాలనీలో చెత్త పోసే ఖాళీ జాగను ముందు తవ్వింది ఆమే. తర్వాత ఒక్కొక్కరం చేరి తలా ఒక మడి పంచుకున్నాం. అంతవరకు ఒకరి పేరు ఒకరికి తెలియనివాళ్లం, సాయంత్రాలు అక్కడే కూర్చుని చిక్కుడు ఈనెలు తీసేవాళ్లం.

"ఏం తమ్మీ, నీళ్లు పోస్తున్నవా, మొక్కకు తానం చేపిస్తున్నవా?" అని నన్ను ఆట పట్టించేది. నవ్వుతూ నవ్వుతూనే ఆగిపోయి, "ఊరికి పోదామంటే తొవ్వ లేదు. గీ పాదు కాడికొస్తే పోయొచ్చినట్టుంటది" అనేది.

విత్తనానికి వదిలిన కాయల దగ్గర తీగకు చీరపేలిక కట్టేది. ఎందుకని మేమెవరం అడగలేదు. అక్క పోయాక, పిట్టకు పెట్టే రోజు వచ్చింది. ఆ రోజు పోయినవాళ్లకు ఇష్టమైనవి వండాలి కదా! కాలనీ ఆడవాళ్లు ఎంతో ప్రేమగా పందిరంతా వెతికి ఒక్క కాయ మిగల్చకుండా తెంపి వండారు. కాకి ముట్టింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. అప్పుడు అక్క కొడుకు పందిరి కిందికి పోయి నిలబడ్డాడు.

"పేలిక కట్టిన కాయలేవి?"

"అవి సుత కూరల్నే ఏసినం బిడ్డా. దిష్టికి కట్టిందనుకున్నం" అంది నా భార్య.

"అయ్యో అత్తమ్మా! గవి ఇత్తనాలు. పాత గింజలన్నీ ఈ ఏడాదే పెట్టేసింది. మా ఊరిది ఇంకేం మిగల్లే."

ఆ పూట ఆ కూర ఎవరూ ముట్టలేదు. అక్కను రెండోసారి సాగనంపినట్టయింది.

నా భార్య ఏడుస్తూ ఫోన్లో చెబితే నా బిడ్డకు గుర్తొచ్చింది. ఒడిబియ్యం పోసిన రోజు అక్క బియ్యంతో పాటు కొన్ని గింజలు కూడా ఆమె ఒడిలో వేసింది. దాచిన డబ్బా అడుగున మిగిలినవాటిని బకెట్లో నాటి, మాకు చెప్పకుండా ఎదురు చూసిందట.

"ఒక్కటే మొలిసింది బాపూ. కడమయి కుళ్లినయి" అంది.

ఒక్కటి చాలదా! ముందు అక్క కొడుక్కి చెప్పాలి. నంగునూరులో ఆమె చెల్లెలికి, భీవండిలో మగ్గం పనికి పోయిన మరిదికి, చింతమడకలో ఇచ్చిన బిడ్డకు, దుబాయిలో మనవడికి చెప్పాలి. ఊరు మునిగాక ఎటు పోయిందో తెలియని ఆడబిడ్డ ఒకామె ఉంది, ఆమెకూ చెప్పాలి.