పేరు అరిగిపోయిన వీరగల్లు

బీఏ మూడో సంవత్సరంలో మా చరిత్ర సార్ ఇద్దరిద్దరికి ఒక పని అప్పగించాడు. అనంతపురం జిల్లాలో ఎవరూ పట్టించుకోని పాత రాయి ఒకటి వెతుక్కుని, దాని మీద ఏముందో చదివి, చదవగలిగినంత మాత్రమే రాసుకు రమ్మన్నాడు.

నాకు జతపడిన స్నేహితురాలిది గుమ్మఘట్ట వైపు. ఇంట్లో తెలుగు, బజార్లో కన్నడ మాట్లాడుతూ పెరిగింది కాబట్టి పాత అక్షరాలు నాకంటే తనకే తొందరగా లొంగేవి. బెళుగుప్ప దాటాక ఒక ఊరి చేలో వీరగల్లు ఉందని హాస్టల్లో ఎవరో చెప్పారు. పశువుల కోసమో ఊరి కోసమో కొట్లాడి చచ్చిపోయిన మనిషికి గుర్తుగా నిలబెట్టే రాయి అది. పొద్దున్నే బస్సెక్కి, తర్వాత ఆటో పట్టుకుని వెళ్ళాం. ఊరి మొదట్లో ఉన్న అంగడాయన్ని అడిగితే, ఎందుకని కూడా అడగకుండా చెయ్యి చూపించాడు. అంతే చాలనుకుని చేలోకి దిగాం.

వానలు రాక వేరుశనగ వేయని చేను. దుక్కి మధ్యలో నడుమెత్తు రాయి. కత్తెత్తిన మనిషి బొమ్మ, కాళ్ళ దగ్గర ఆవులు, పైన కొన్ని వరుసల పాత కన్నడ రాత. నీళ్ళతో కడిగి, బ్రష్షుతో మట్టి దులిపి, ఆరాక మైదా పిండి గుడ్డతో అద్దాం. అరిగిన అక్షరాలు అలా చేస్తే తెల్లగా పైకి తేలుతాయి. ఎండకు నాలుక ఎండిపోతుంటే, నీళ్ళ సీసాలోకి పిండుకుందామని స్నేహితురాలు నిమ్మకాయలు కోసింది. చేను మొత్తం మీద నీడ ఆ రాయి పక్కనే ఉంది. కాయల్నీ కత్తినీ రాయి మొదట్లోనే పెట్టింది.

దూరంగా గొర్రెలు మేపుతున్న మనిషి చాలాసేపటి నుంచి మమ్మల్నే చూస్తున్నాడు. ఫోను చెవి దగ్గర పెట్టుకోవడం చూశాను కానీ ఏమీ అనుకోలేదు. కాసేపటికి మోటార్‌సైకిళ్ళు వచ్చాయి.

"ఏం చేస్తాండారు ఈడ?"

"కాలేజీ నుంచి వచ్చినాం అన్నా. ఈ రాయి చదివేకి."

"రాయి చదివేకి నిమ్మకాయలు యాలప్పా?"

అప్పుడు వాళ్ళ కళ్ళతో చూశాను. పాత రాయి. దాని మీద తెల్లటి పిండి. ముందర కోసిన నిమ్మకాయలు, కత్తి.

ఆ ఊరి వెనక గుట్ట మీది గుడిని ఈమధ్యే ఎవరో నిధి కోసం తవ్వి, నందిని పగలగొట్టి పోయారట. ఆ సంగతి మాకు తెలీదు. "గుట్ట మీద తవ్వినోళ్ళు గూడా ముందు ఆడోళ్ళనే పంపించినారంట" అన్నాడొకాయన. గుర్తింపు కార్డులు తీసి చూపించాం. "ఇట్లాటివి యాడైనా చేపిచ్చుకోవచ్చు" అని తిప్పి కూడా చూడలేదు. సార్‌కు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్ళీ చేయబోతుంటే చేతిలోంచి లాక్కున్నారు.

ఊళ్ళోకి నడిపించుకుపోయి పాల కేంద్రం అరుగు మీద కూర్చోబెట్టారు. ఒకతను వీడియో తీస్తున్నాడు. చున్నీ మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

"దాచుకుంటాండాది చూడు. మొగం చూపియ్యి పాపా!"

చున్నీ తీసేశాను. మా నాయన ఫోన్‌కు ఈ వీడియో ఎంతసేపట్లో చేరుతుందా అని నా మనసు అటే పోయింది. గుంపులో ఎవరో కట్టేయమన్నారు. ఇంకెవరో తాడు కోసం కేకేశారు. స్నేహితురాలు నా మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగుతున్నాయని తనకు తెలీదు.

చంకలో బిడ్డనెత్తుకున్న ఒకామె మా ముందుకొచ్చి నిలబడింది. "సంటి బిడ్డలుండే ఊరు మాది. నిధి కోసం బిడ్డల్ని బలి ఇస్తారంట. మీరు దేనికొచ్చినారో మాకెట్ల తెలుస్తాది?" అంది. మాట్లాడుతుంటే ఆమె గడ్డం వణుకుతోంది. నాకంటే ఆమే ఎక్కువ భయపడుతోందని అర్థమైంది. దాంతో నా భయం తగ్గలేదు, పెరిగింది. భయపడ్డ మనుషులు ఏం చేసేదీ వాళ్ళకే తెలీదు.

అంతలో జీపొచ్చింది. దిగిన పెద్దాయనకు అందరూ దారిచ్చారు. ఆ చేను ఆయనదే. ఊళ్ళో ఆయన మాటే చెల్లుతుందని గుంపు సద్దుమణిగిన తీరు చూస్తే తెలిసింది. అంతా విని, "చదివేకి వచ్చినామంటాండారు గదా. చదవమనండి, విందాం" అన్నాడు.

మళ్ళీ రాయి దగ్గరికి. వెనక ఊరంతా. స్నేహితురాలు అక్షరం మీద వేలు పెట్టి మెల్లగా కన్నడంలో చదువుతుంటే నేను తెలుగులో చెప్పాను.

"పశువుల్ని దొంగలు తోలుకుపోతుంటే అడ్డం పడినాడని ఉంది. ఈడనే కొట్లాడి చచ్చిపోయినాడని ఉంది. నిధి గురించి ఏమీ లేదన్నా."

"ఎవురు?" అన్నాడు పెద్దాయన.

పేరుండాల్సిన చోట పిండి నిలవలేదు. తరతరాలుగా ఎనుములు ఒళ్ళు రుద్దుకున్నాయేమో, ఆ అంచంతా నున్నగా అయిపోయింది.

"పేరు అరిగిపోయింది."

"బాగా చూడు పాపా. ఈ రాయి మా ముత్తాతల్లో ఒకాయనదని మా నాయనను కన్న జేజి చెప్తాండె." ఆ పేరు కూడా చెప్పాడు. ఒక్కో అక్షరం విడగొట్టి, నాకు నేర్పుతున్నట్టు చెప్పాడు.

స్నేహితురాలు నన్ను గిల్లింది. "ఔనను" అంది ఊపిరితో. ఆ చోట ఒక్క వంపు మాత్రం మిగిలి ఉంది. దాన్ని ఏ అక్షరమైనా అనుకోవచ్చు, ఆయన చెప్పిన మొదటి అక్షరం కూడా. ఔనడానికే నోరు తెరిచాను.

"కనపడటం లేదన్నా" అన్నాను.

అది ధైర్యం కాదు. ఇప్పుడు ఔనంటే, రేపు ఇంకెవరైనా వచ్చి చదివి కాదంటే, అప్పుడేం చేస్తారోనన్న ఇంకో భయం ముందుకొచ్చిందంతే.

"అయితే కాదంటావా?"

"కాదనడం లేదు. ఔననేకి అక్షరాల్లేవు."

ఆయన రాయిని చూస్తున్నాడు. నేను ఆయన చెప్పులు చూస్తున్నాను. ఎవరి చేతిలోనో నా ఫోన్ మోగింది. సార్. పెద్దాయన తీసుకుని పక్కకు పోయి మాట్లాడి, వచ్చి, "జీపెక్కండి" అన్నాడు.

ఎక్కడికని అడిగే ధైర్యం మా ఇద్దరికీ లేదు. మేం వచ్చిన దారి కాదది. గుట్ట పక్కనుంచి పోతోంది. బెళుగుప్ప అంగళ్ళు కనిపించాకే ఊపిరి తిరిగింది. బస్సుల దగ్గర దింపి, నా ఫోన్ నా చేతికిచ్చి, "ఇంగోసారి వస్తే ముందు నాకు చెప్పి రాండి" అని వెళ్ళిపోయాడు.

అనంతపురంలో దిగాక స్నేహితురాలు అడిగింది. "ఒక్క మాట అనింటే నీదేం పోతాండె? వాళ్ళు కట్టేసింటే?" ఆ పని తను వదిలేసి, లైబ్రరీలో చేసుకునేది ఇంకొకటి ఎంచుకుంది.

హాస్టల్ చేరేలోగానే నాయన ఫోన్ చేశాడు. "ఆ వీడియోలో ఉండేది నువ్వేనా?" ఔనన్నాను. తిడతాడనుకున్నాను. "దెబ్బలేమన్నా కొట్టినారా మా?" అన్నాడు. ఆ తర్వాత చాలాకాలం బస్సులో ఎవరైనా తేరిపార చూస్తే, వీడియో చూసినవాళ్ళేమోనని మొహం తిప్పుకునేదాన్ని.

వానలు పడ్డాక సార్‌ను వెంటబెట్టుకుని, ముందే చెప్పి, మళ్ళీ వెళ్ళాను. వీరగల్లు మీద రేకుల షెడ్డు లేచింది. చుట్టూ ఇనుప కంచె, రాయికి కుంకుమ, బంతిపూల దండ. పక్కనే నల్లరాతి పలక మీద, ఆయన ఆరోజు చెప్పిన పేరు పెద్ద అక్షరాలతో చెక్కించి ఉంది.

పెద్దాయన మాకు మజ్జిగ తెప్పించాడు. "ఎట్లుండాది పాపా?" అన్నాడు నన్నే చూస్తూ. సార్ కూడా నన్నే చూశాడు. నేను పలక మీంచి చూపు తిప్పి పైన రేకుల వైపు చూశాను.

"షెడ్డు బాగుందన్నా" అన్నాను.

ఆయన నవ్వాడు. ఆ నవ్వుకు అర్థం ఇప్పటికీ నాకు తెలీదు. పేరు చదవడానికి వీల్లేదనే నా రిపోర్టులో రాశాను. ఆరోజు సార్ బండి మీద తిరిగి వస్తూ, మా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని బెళుగుప్ప దాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను.