గోప్యా గూబలకు కట్టిన ఇళ్ళు

గోప్యా మాటకారి కాడు. తండాలో పదిమంది చేరి కబుర్లాడుతుంటే ఓ చివర కూర్చుని బీడీ కాల్చుకునే మనిషి. అలాంటి మనిషి ఒకే ఒక్కసారి, ఒక మధ్యాహ్నమంతా నోరు మూయకుండా మాట్లాడాడు. అదే ఆయన కొంప ముంచింది. అది చెప్పాలంటే ముందు ఆయన భార్య హేమ్లి గురించి చెప్పాలి.

సత్తుపల్లి దాటి అడవి అంచుకు వెళ్తే వాళ్ళ తండా. తండా వెనకాలే గోప్యాకు నాలుగెకరాల పామాయిల్ తోట. గెలలు కోసినప్పుడు పండ్లు రాలి, నరికేసిన మట్టల కిందకు దొర్లిపోతాయి. వాటిని ఏరడం ఆడవాళ్ళ పని. ఆ పండ్ల కోసం ఎలుకలొస్తాయి, ఎలుకల కోసం పాములొస్తాయి. ఎనిమిదేళ్ళ కిందట ఒక వానాకాలం పొద్దున హేమ్లి మట్టల కుప్ప కింద చెయ్యి పెట్టింది. రక్తపింజరి కాటేసింది. దవాఖానాలో మూడు రోజులు బతికింది. ఆ మూడు రోజులూ, "ఆడోళ్ళను జర చూసి చెయ్యి పెట్టమని చెప్పు," అనే అంది తప్ప తన గురించి ఒక్క మాట అనలేదు మహాతల్లి.

దినాలయ్యాక తోట అమ్మెయ్యమన్నారు కొందరు, ఎలుకల మందు పెట్టమన్నారు కొందరు. మందు పెడితే తండా మేకలు చస్తాయని గోప్యా భయం. రైతుల మీటింగులో ఎవరో గూబలుంటే ఎలుకలుండవని చెప్పగా విన్నాడు. ఇంకేముంది, అదే పట్టుకున్నాడు. సత్తుపల్లిలో వడ్రంగి ఖయ్యూం దగ్గరకు వెళ్ళి కూర్చున్నాడు.

"నలభై ఏండ్ల సంది మంచాలు జేసిన, తలుపులు జేసిన. గూబకు ఇల్లు కట్టమన్నోన్ని నిన్నే చూస్తున్న గోప్యా భాయ్," అని ఖయ్యూం పడీపడీ నవ్వాడు. నవ్వుతూనే ఐదు పెట్టెలు చేసిచ్చాడు. ఒక్కోదానికి ముందు పక్షి దూరేంత కంత, శుభ్రం చేసుకోవడానికి పక్కన చిన్న తలుపు, దానికో గడియ. గోప్యా వాటిని పొడవాటి జామాయిల్ బాదులకు బిగించి తోటంతా నిలబెట్టాడు. ఏడాది తిరక్కుండానే తెల్లమొహం గూబలు వచ్చి చేరాయి.

తండా ఊరుకుంటుందా! గూబ ఇంట్లో దూరితే ఇంటికి తాళం వేసి మూణ్ణెల్లు బయట కాపురం చేసే జనం మరి. పెండ్లాం పోయాక గోప్యాకు మతి పోయిందన్నారు. పండ్లు ఏరే ఆడవాళ్ళకు పెద్దదిక్కు పూలి. హేమ్లితో కలిసి పనిచేసిన మనిషి. ఆమే వచ్చి మొహం మీద చెప్పేసింది. "గూబల ఇంటి కింద మేం పండ్లేరం గోప్యన్నా. అది అరిస్తే పాణం పోతదంటరు."

గోప్యా వాదించలేదు. పెట్టె కింద పడున్న నల్లటి ఉండ ఒకటి తెచ్చాడు. ఎలుకను మింగిన గూబ, అరగని బొచ్చూ బొమికలూ అలా ఉండచేసి కక్కేస్తుంది. దాన్ని పూలి ముందు పుల్లతో విప్పాడు. లోపల మూడు ఎలుక పుర్రెలు.

పూలి ముక్కు మూసుకుని తొంగిచూసి, "అవ్ గదా!" అంది.

మర్నాడు ఆడవాళ్ళు పనికొచ్చారు. గూబలంటే ఏవగింపు పోలేదు గానీ వచ్చారు. ఆ తర్వాత ఆరేళ్ళలో ఆ తోటలో ఒక్కరినీ పాము కరవలేదు. అయినా మంచిపని చేశావయ్యా అన్న మనిషి లేడు. గోప్యా అడగనూ లేదు. అడగనంత మాత్రాన మనసుకు ఉండదా?

పోయినేడు దసరా దాటాక బలరాం అనే ఆయన బండి మీద వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో కెమెరా. మణుగూరు దిక్కు బడిలో సారునన్నాడు, పక్షులంటే పిచ్చి అన్నాడు.

"పెద్దాయనా, నువ్వు జేసిన పని పెద్దపెద్ద సదువులోళ్ళు గూడ జెయ్యలే. నీకు దండం పెట్టాలె," అని, నిజంగానే రెండు చేతులూ జోడించాడు.

గోప్యా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అన్నేళ్ళకు ఒకరు ఆ మాట అన్నారు! ఇక ఆగలేదు. వాడు మునగచెట్టు ఎక్కిస్తుంటే ఈ అమాయకుడు ఎక్కుతూనే పోయాడు. నిచ్చెన తెచ్చి ఐదు పెట్టెలూ చూపించాడు. ఎందులో గుడ్లున్నాయో, ఎందులో పిల్లలున్నాయో చెప్పాడు. హేమ్లి గురించి చెప్పాడు.

"పట్టుకుంటే రక్కయా పెద్దాయనా?"

"ఏం రక్కయ్ సారూ. గోనెసంచి ముక్క కప్పినమనుకో, చీకటైందనుకొని గమ్మునుంటయ్. పెట్టె కడిగేటప్పుడు నేను గట్లనే జేస్త."

బలరాం చాయ్ తాగి, ఫోన్ నంబరిచ్చి పోయాడు.

దీపావళి అమావాస్యకు గూబను బలిస్తే సిరి కలిసొస్తుందని నమ్మే వెధవలు ఈ కాలంలోనూ ఉన్నారు. వాళ్ళకు పట్టి అమ్మేవాళ్ళూ ఉన్నారు. గోప్యాకు ఇవేం తెలుసు? ఆయనెరిగిన జనమంతా గూబ పేరెత్తితే ఆమడ దూరం పరుగెత్తేవాళ్ళే. వద్దువద్దన్న పిట్టను ఎత్తుకుపోయేవాడు ఉంటాడని కల్లో కూడా అనుకోలేదు.

పండుగ ముందురోజు పొద్దున్నే తోటకు వెళ్తే ఐదు తలుపులూ బార్లా తెరిచి ఉన్నాయి. చివరి పెట్టె కింద ఆయన నిచ్చెనే పడి ఉంది, పక్కన గోనెసంచి ముక్క. ఎక్కి చూశాడు. అమ్మడానికి పనికిరానంత చిన్న పిల్లలు రెండు, చలికి బిగుసుకుపోయి చచ్చి ఉన్నాయి. గోప్యా వాటిని తువ్వాల్లో చుట్టుకుని దిగి, అక్కడే కూలబడి ఏడ్చాడు. హేమ్లి పోయినప్పుడు కూడా తండా ఆయన ఏడుపు అంత గట్టిగా వినలేదు.

ఫారెస్టు నుంచి ఒక ఆఫీసరు వచ్చి రాసుకున్నాడు. "ఇవి ఈడున్నయని ఎవరికి ఎరుక?" అని అడిగాడు.

"నేనే జెప్పిన సార్. ఎట్ల పట్టాల్నో గూడ నేనే జెప్పిన," అన్నాడు గోప్యా తల వంచుకుని.

బలరాం ఇచ్చిన నంబరు పనిచెయ్యలేదు. వెతికితే ఆ దిక్కు బళ్ళలో అలాంటి సారు ఎవరూ లేరని తేలింది.

ఆ చలికాలమంతా గోప్యాకు తిండి సయించలేదు. మాఘమాసంలో ఒకరోజు పూలి రొప్పుతూ పరుగెత్తుకొచ్చింది. "గోప్యన్నా! మూడో పెట్టెలకు జంటొచ్చింది! జల్దీ రా!" గూబను చూసి ఆ తండాలో ఒకరు సంబరపడటం అదే మొదలు.

గోప్యా గడ్డపార తీసుకుని వచ్చాడు. ఏం చేస్తున్నాడో పూలికి అర్థమయ్యేలోపే బాదు మీద దెబ్బ వేశాడు. రెండు గూబలూ కంతలోంచి ఎండలోకి ఎగిరాయి. కాకులు వెంటపడ్డాయి. గోప్యా మట్టిబెడ్డలు ఏరి కాకుల మీదికి విసురుతూ, గూబలు అడవిలోకి దూరేదాకా వెనకాలే పరుగెత్తాడు.

"ఏందన్నా ఇది! ఎలుకలు మల్ల ఎక్కువైనయ్. వాటిని ఉండనీ," అని పూలి బతిమాలింది.

"అడవిల ఏ తొర్రల ఉన్నా వాడు ఎతుక్కోవాలె పూలీ. ఈడైతే ఎతికే పన్లేదు. నేనే పిలిచి ఇల్లిచ్చిన, నేనే వానికి సూపెట్టిన. ఇంకోపారి నాతోని గాదు."

పొద్దు గూకేలోపు ఐదు పెట్టెలూ ఊడదీశాడు. పూలి కొంగు నోట్లో కుక్కుకుని చూస్తూ నిలబడింది.

ఆ వారమే గెలలు కోశారు. ఆడవాళ్ళు బుట్టలు పట్టుకుని మట్టల కుప్ప దగ్గరకు వచ్చి ఆగిపోయారు. ఎవరికీ చెయ్యి రాలేదు. గోప్యా వాళ్ళను పక్కకు జరిపి, కర్రతో రెండుసార్లు కొట్టి, వంగి కుప్ప కిందకు చెయ్యి పెట్టాడు.

"నీకేమన్న అయితే ఎట్లన్నా?" అంది పూలి.

"అయితే నాకే కానీ," అని, చేతికందిన పండ్లు ఆమె బుట్టలో వేసి పక్క కుప్ప దగ్గరకు నడిచాడు.

ఇప్పటికీ ప్రతి కోతకు, ప్రతి కుప్పలో మొదటి చెయ్యి గోప్యాదే.