కొత్త బల్లకు పాత రంగు

మా వీధిలో నన్ను అద్దాలాయన అంటారు. అద్దాలు అమ్మినందుకు కాదు. నేను పాలిష్ పెట్టిన బీరువా తలుపులో ముఖం చూసుకుని తల దువ్వుకున్నవాళ్ళున్నారు. ఇప్పుడు బీరువాలు షాపులోంచే మెరుస్తూ వస్తున్నాయి, నన్ను పిలిచే దిక్కు లేదు. ఖాళీగా ఉండలేక ఇంట్లో కిటికీలయ్యాక గరిటెల పిడులకు కూడా పాలిష్ పెట్టేశాను. చేతిలోంచి జారిపోతున్నాయి మహానుభావా, ఇక చాలని మా ఆవిడ దండం పెట్టింది.

అలాంటప్పుడు మా అమ్మాయి పిలిచింది. పెరట్లో రేకుల షెడ్డు కింద, పాత పెట్టెల చెక్కలతో తనే బల్లలు చేస్తుంది. ఒక దుకాణమావిడ దగ్గర్నుంచి మొదటి ఆర్డరు వచ్చింది. "రంగు నువ్వు వెయ్యి నాన్నా. కుదిరితే ఇకమీదట ఇద్దరం కలిసే చేద్దాం" అంది. నా ఛాతీ పొంగింది. తీరా ఏం కావాలో విన్నాక అందులో గాలి పోయింది. సముద్రంలో నాని, ఒడ్డున ఎండి, వెలిసిపోయిన దుంగలా కనబడాలట కొత్త బల్ల!

"దానికి మనిషెందుకే? వానలో పడెయ్."

"దుకాణమావిడ సాయంత్రమే వస్తుంది. వాన అంత తొందరగా చెయ్యదు నాన్నా."

సరే, చెప్పినట్టే చేశాను. ఇనుప బ్రష్‌తో గీరి చెక్కలో గీతలు తేల్చాను. బూడిదరంగు నీళ్ళలా కలిపి పూసి, గుడ్డతో తుడిచేశాను. ఆరాక, దాదాపు పొడిగా ఉన్న బ్రష్‌తో తెలుపు అలా అలా తాకించాను. చెప్పుకోకూడదు గానీ, బాగా కుదిరింది. అమ్మాయి మెచ్చుకుని వ్యాను మాట్లాడడానికి వెళ్ళింది.

అక్కడ ఆగి ఉంటే నేను మనిషినే. అంచున చిన్న పగులు కనబడింది. లప్పం పెట్టి పూడ్చాను. లప్పం పెట్టాక నున్నగా రుద్దాలి కదా? రుద్దిన చోట ఒక పూత పాలిష్ పడాలి కదా? ఒక్కచోటే మెరిస్తే చూసినవాళ్ళు నవ్వరూ? పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. అమ్మాయి తిరిగొచ్చేసరికి బల్లలో షెడ్డు రేకులు తలకిందులుగా కనబడుతున్నాయి, పక్కనే నా వెర్రి నవ్వూ.

"నాన్నా, ఇది సముద్రంలోంచి కొట్టుకొచ్చిందా, షోరూంలోంచి కొట్టుకొచ్చిందా?"

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు, దాంతో ఇంకా భయమేసింది. ఉప్పుకాగితం ముక్క ఒకటి నాకిచ్చి ఒకటి తను తీసుకుంది. నా మెరుపును నా చేత్తోనే గీకుతుంటే ప్రాణం ఉసూరుమంది. పగుల్లో లప్పం మేకుతో తవ్వి తీశాను. మళ్ళీ బూడిదరంగు, మళ్ళీ గుడ్డ, మళ్ళీ తెలుపు. ఇక నన్ను ఈ షెడ్డు ఛాయలకు రానివ్వదని ఖాయం చేసుకున్నాను.

దుకాణమావిడ వచ్చి బల్లంతా తడిమి చూసింది. ఆ పగులు దగ్గర వేలు పెట్టి మరీ మురిసిపోయింది.

"దీనికి జతగా కుర్చీలు కావాలి. వారంలో ఇస్తారా?"

నేను బ్రష్‌లు కడిగే నెపంతో అటు తిరిగాను.

"వారం చాలదండీ" అంది మా అమ్మాయి. "రంగు పని మా నాన్నది. ఆయన ముందు మెరిపిస్తారు, తర్వాత గీకుతారు. రెండిటికీ టైమివ్వాలి."