అద్దాల బీరువాలో గొంతు

మా వదినకు నోరెక్కువ అని ఇంట్లో అందరూ అనేవాళ్లు. అందరికంటే ఎక్కువసార్లు అన్నది నేనే. ఆవిడ బడిలో లైబ్రేరియన్. నేను అదే బడి ఆఫీసులో గుమాస్తాను. సాయంత్రం ఇద్దరం కలిసే ఇంటికి రావాలి కాబట్టి ఆవిడ ఆలస్యం చేస్తే ఒళ్లు మండేది నాకే.

ఆలస్యమంతా అద్దాల బీరువా వల్ల. పిల్లల కోసం రాసి, బహుమతులు పొందిన పుస్తకాలను మా బడిలో పిల్లలకివ్వరు. అట్ట మీద బంగారు రంగు ముద్ర కనిపిస్తే చాలు, పుస్తకం బీరువాలోకి పోవాల్సిందే. బడి చూడడానికొచ్చిన పెద్దమనుషులు అద్దంలోంచి చూసి తలాడించి వెళ్లేవారు. పిల్లలు ముట్టుకుంటే మాసిపోతాయని హెడ్‌మాస్టర్ గారి భయం. వదినకేమో ఆ పుస్తకాల మీద జాలి. పిల్లలు వెళ్లిపోయాక ఒక్కొక్కటే తీసి, ఖాళీ కుర్చీల ముందు కూర్చుని, పైకి చదివి మళ్లీ లోపల పెట్టి తాళం వేసేది. పులికి పులి గొంతు, ముసలమ్మకి ముసలమ్మ గొంతు.

“ఎవరి కోసం వదినా ఈ పారాయణం?” అని ఎగతాళి చేసేదాన్ని.

“వాటి కోసమే. ఎవరో ఒకరు చదవకపోతే అవి పుస్తకాలెలా అవుతాయే, ఇటుకలవుతాయి గానీ” అనేది.

కొన్నేళ్లకు వదిన గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి ప్రాణం నిలబెట్టారు గానీ మాట పోయింది. పెళ్లయిన నాటి నుంచీ ఆవిడ తిట్లు తింటూ బతికిన మా అన్నయ్య, ఇప్పుడు కావాలని తడికాళ్లతో ఇల్లంతా తిరిగి ఆవిడ మొహంలోకి చూసేవాడు. ఆవిడ గుడ్డ తెచ్చి మౌనంగా తుడిచేది. నాకు ఏడుపొచ్చేది.

వదిన మళ్లీ పనిలో చేరిన రోజు సాయంత్రం, పిలుద్దామని లైబ్రరీకి వెళ్లాను. గుమ్మంలోనే కాళ్లు నిలిచిపోయాయి. లోపల వదిన గొంతు కథ చదువుతోంది. వదినేమో పెదవులు బిగించి కుర్చీలో కూర్చుని ఉంది. ఆ గొంతు తాళం వేసిన బీరువాలోంచి వస్తోంది. వదిన నన్ను చూసి పక్క కుర్చీ నా వైపు జరిపింది.

మర్నాటి నుంచి అన్నయ్య కూడా రావడం మొదలుపెట్టాడు. అద్దానికి చెవి ఆనించి కళ్లు మూసుకునేవాడు.

“నీకు భయమెయ్యట్లేదా అన్నయ్యా?”

“మీ వదిన మాట్లాడుతుంటే భయపడటం నాకేమన్నా కొత్తా?” అన్నాడు.

హెడ్‌మాస్టర్ గారు బదిలీ అయి వెళ్లిపోయారు. కొత్తగా వచ్చిన హెడ్‌మిస్ట్రెస్ బీరువా బాధ్యత వదినకే వదిలేసి, పుస్తకాలు పిల్లలకివ్వడం, మానడం మీ ఇష్టమన్నారు. వదిన ఒక పుస్తకం ఒక పిల్లకిచ్చింది. తమ ఇంట్లో ఎవరో ఆడమనిషి కథ చదువుతోందని మర్నాడు ఆ పిల్ల తల్లి ఆఫీసుకొచ్చి నన్నడిగింది. పిల్ల చదివి తిరిగిచ్చాక ఆ పుస్తకం చెవి దగ్గర పెట్టుకున్నాను. లోపల ఆ పిల్ల కూడబలుక్కుంటూ చదువుతోంది. వదిన గొంతు లేదు.

“ఇంక ఇవ్వకు వదినా” అని చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ విడిపించుకుంది. ఒకదాని తర్వాత ఒకటి ఇస్తూనే పోయింది. తిరిగొచ్చిన ప్రతిదాంట్లో ఎవరో ఒక పిల్ల గొంతు. బీరువా అంతా గోలగోల. వదిన గొంతు మాత్రం ఒక్క పుస్తకంలోనే మిగిలింది. అన్నయ్య రోజూ దాని కోసమే వచ్చేవాడు.

ఒక సాయంత్రం అన్నయ్య వింటుండగానే ఒక చిన్నపిల్ల వచ్చి ఆ పుస్తకాన్నే చూపించింది.

“ఇంకోటి తీసుకోమ్మా” అన్నాను, కాస్త కటువుగానే.

“మిగతావన్నీ చదివేశాను.”

వదిన అన్నయ్య వైపు చూసింది. అన్నయ్య కథ అయిపోయేదాకా ఆగి పక్కకు జరిగాడు. ఆవిడ తాళం తీసి పుస్తకాన్ని ఆ పిల్ల చేతిలో పెట్టింది.

దారిలో నేను వదినకు దూరంగా నడిచాను. అంత కోపం వచ్చింది. అన్నయ్య మాత్రం ఆ పిల్ల వెనకాలే నడిచాడు. పిల్ల సంచిలోంచి వదిన గొంతు వినిపిస్తూనే ఉంది. పిల్ల ఇంట్లోకి వెళ్లి తలుపు వేసుకుంది. అన్నయ్య ఆ గుమ్మం ముందే నిలబడిపోయాడు. వదిన వెళ్లి చెయ్యి పట్టుకుని లాగింది.

“ఉండవే, ఇంకొంచెం విని వస్తాను” అన్నాడు, ఆవిడ వంక చూడకుండా, తలుపు వంకే చూస్తూ.