ఐదు రూపాయలు ఎక్కువొచ్చిన రోజు

నా చిన్నప్పుడు చిల్లర లెక్క చూసుకోవడం మా ఇంట్లో పిల్లల పని. పెద్దవాళ్ళు డబ్బు ఇచ్చేవారు, తిరిగి వచ్చినది సరిగ్గా ఉందో లేదో మేం చెప్పాలి. అది నేర్పింది మా బాబాయి. గుండుగొలనులో ఒక రైసుమిల్లులో గుమాస్తాగా చేసేవారు. రోజంతా బస్తాల లెక్కలు రాసి వచ్చిన మనిషి, ఇంట్లో మాత్రం కాగితం ముట్టుకునేవారు కాదు. చిల్లర విషయంలో తీసివేత వద్దనేవారు. అయిన ఖర్చు దగ్గర మొదలుపెట్టి, ఇచ్చిన నోటు దాకా ఎక్కించుకుంటూ పొమ్మనేవారు. ఎక్కడం అయితే తడబడవు, దిగేటప్పుడే కాలు జారుతుంది అని నవ్వేవారు.

నేను నాలుగో తరగతిలో ఉండగా బోర్డు మీద అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపించడం మొదలైంది. కొన్నాళ్ళు ఎవరికీ చెప్పలేదు. పక్కనున్న పిల్ల పలక చూసి రాసుకునేదాన్ని. ఆ పిల్ల తప్పు రాస్తే నాదీ తప్పే. చివరికి పంతులుగారు కబురు చేస్తే, మా నాన్నకు పొలం పనులు తెమలక, బాబాయే మిల్లుకు సెలవు పెట్టి నన్ను ఏలూరు తీసుకెళ్ళారు.

డాక్టరుగారు చూసి కళ్ళజోడు వెయ్యాల్సిందే అన్నారు. చీటీ పట్టుకుని కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళాం. ఫ్రేములన్నిటిలోకీ చవకది చూపించమన్నారు బాబాయి. దానికి కూడా మా దగ్గరున్నది చాలలేదు. బస్సు చార్జీలకీ, ఇద్దరి టిఫినుకీ పక్కన పెడితే నాలుగు రూపాయలు తక్కువైంది. నాలుగంటే నాలుగే. షాపాయన్ని మెత్తగా అడిగి చూశారు. ఆయన కుదరదండీ అన్నాడు. జీతం వచ్చాక మళ్ళీ వద్దాంలే అమ్మలూ అని బాబాయి నా చెయ్యి పట్టుకుని బయటికి నడిచారు. ఆ చెయ్యి ఎంత బరువుగా అనిపించిందో ఇప్పటికీ చెప్పగలను.

బస్టాండు దగ్గర ఒక కాఫీ హోటల్లో కూర్చున్నాం. మాకు వడ్డించిన సర్వరు పెద్దాయన. తల పూర్తిగా నెరిసిపోయింది. ప్లేటు కింద పెట్టేటప్పుడు చెయ్యి వణికేది. మేం తింటుండగానే గల్లాపెట్టె దగ్గర యజమాని ఆయన మీద కేకలేశాడు.

"ఏవయ్యా, నిన్న కూడా నీ వల్ల తక్కువొచ్చింది. ఇంకోసారి లెక్క తప్పిందంటే రేపట్నుంచి రానక్కర్లేదు."

పెద్దాయన తుండుతో బల్ల తుడుచుకుంటూ ఉండిపోయాడు. బల్ల అప్పటికే శుభ్రంగా ఉంది.

మా ఇద్దరికీ కలిపి రెండు రూపాయల ముప్పై అయిదు పైసలైంది. బాబాయి పెద్దాయన చేతికి ఐదు రూపాయల నోటు ఇచ్చారు. యజమాని ఎవరితోనో మాటల్లో ఉండి, చిల్లర నువ్వే తీసుకో అన్నట్టు చెయ్యి ఊపాడు. పెద్దాయన పెట్టెలోంచి తీసి, చిన్న పళ్ళెంలో తెచ్చి మా ముందు పెట్టాడు. బాబాయి ఎప్పటిలాగే నా వైపు చూశారు.

నేను ఎక్కించాను. రెండు ముప్పై అయిదుకి అరవై అయిదు పైసలు చేరిస్తే మూడు. మూడుకి రెండు చేరిస్తే ఐదు. అంటే రావలసింది రెండు అరవై అయిదు. పళ్ళెంలో అదీ ఉంది, దాని కింద మడతపెట్టిన ఐదు రూపాయల నోటూ ఉంది. మేం ఇచ్చింది పది అనుకున్నాడు ఆయన.

నాకు దొంగతనమన్న ఆలోచనే రాలేదు. కళ్ళజోడుకి తక్కువైనది నాలుగు, ఎదురుగా ఉన్నది ఐదు. దేవుడే పంపాడనుకున్నాను. బాబాయి చెవిలో చెప్పాను, "బాబాయ్, ఐదు ఎక్కువొచ్చింది. షాపు ఇంకా తీసే ఉంటుంది."

ఆయన పళ్ళెం వంక, ఆ తర్వాత నా కళ్ళ వంక చూశారు. ఆయనా మనిషే కదా. ఆ క్షణంలో ఆయన మనసులో ఏం మెదిలిందో నాకు తెలియదు. నోటు తీసుకుని లేచారు.

సర్వరు చేతిలో పెట్టేస్తారనుకున్నాను. కానీ యజమాని చూపు ఆ పెద్దాయన మీదే ఉంది. చేతికిస్తే ఏమిటది అని అడుగుతాడు. బాబాయి తిన్నగా గల్లాపెట్టె దగ్గరికే వెళ్ళారు.

"ఏవండీ, పొరపాటు నాదేనండి. ఐదు నోటిచ్చి పది అని చెప్పాను. పాపం ఆయన నా మాట నమ్మి చిల్లర తెచ్చారు. ఇదిగోండి మీ ఐదు."

యజమాని ఎగాదిగా చూశాడు. "ఐదుకీ పదికీ తేడా తెలీదేంటండీ మీకు? కళ్ళజోడు పెట్టించుకోండి ముందు."

పక్క బల్ల దగ్గర ఇద్దరు పగలబడి నవ్వారు. మిల్లులో బస్తాల లెక్క ఒక్కటి కూడా తప్పని మా బాబాయి, నలుగురి ముందూ తల వంచుకుని, తనూ నవ్వారు.

"ఆ పని మీదే వచ్చామండీ," అన్నారు.

పెద్దాయన తుండు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆయనకు తెలుసు, తనతో ఎవరూ పది అనలేదని. మేం గుమ్మం దాటుతుంటే ఒక చేత్తో తలుపు తెరిచి పట్టుకున్నాడు. అంతే. 

బస్సులో నాకు ఏడుపొచ్చింది. కళ్ళజోడు రానందుకు కొంత, వాళ్ళు బాబాయిని చూసి నవ్వినందుకు కొంత. నువ్వెందుకు అబద్ధమాడావు, తప్పు నీది కాదుగా అని అడిగాను. ఆయన అలిసిపోయి ఉన్నారు.

"ఆయన్ని పొమ్మంటే ఈ వయసులో ఎక్కడికెళ్తాడే? నాకేముంది, కాసేపు నవ్వుతారు, అంతేగా," అన్నారు.

కళ్ళజోడు ఆ తర్వాతి నెలలో వచ్చింది. అప్పటిదాకా పక్కపిల్ల పలకే నాకు దిక్కు.

ఇప్పుడు నేను తాడేపల్లిగూడెంలో ఉంటున్నాను. ఫోనుతో డబ్బు కట్టడం నాకు చేతకాదు, నోట్లే ఇస్తాను. అందరూ ఫోన్లు చూపించి వెళ్ళిపోతుంటే చిల్లర అడిగేదాన్ని నేనొక్కదాన్నే. మొన్న ఒక టిఫిన్ సెంటర్లో నూట యాభై అయిదైంది. యాభై నోటు తిరిగి వస్తుందని రెండు వందల అయిదు ఇచ్చాను. కౌంటర్లో ఉన్న అమ్మాయి ఆ అయిదు నాకే ఇచ్చేసింది. "ఎక్కువిచ్చారు ఆంటీ," అంది. ఆ తర్వాత మెషీన్ వంక, పెట్టె వంక చూసి, నలభై అయిదుకి బదులు ముప్పై అయిదు చేతిలో పెట్టింది. నా వెనక జనం. ఎవరో విసుక్కుంటున్నారు. ఇలాంటప్పుడు కోపం రావడం కూడా మానేసింది నాకు. వారానికొకసారైనా ఇదే తంతు. తక్కువిస్తే ఒక్కోసారి చెప్పే ఓపికే ఉండదు, వచ్చేస్తాను. ఎక్కువిస్తే మాత్రం ఎంత నీరసంగా ఉన్నా ఆగుతాను.

ఆ రోజు తక్కువే వచ్చినా ఆగాను. అమ్మాయి వెనకే యజమాని నిలబడి చూస్తున్నాడు. అందుకని నెమ్మదిగా, "నాకు లెక్క తెగట్లేదమ్మా, ఒక్కసారి కలిసి చూద్దామా," అన్నాను. ఇద్దరం నూట యాభై అయిదు దగ్గర మొదలుపెట్టాం. నూట అరవై దాకా ఆ అమ్మాయి చెప్పింది. ఆ పైన నేను ఆగిపోయాను. ఎంత తడుముకున్నా తర్వాతి అంకె నోటికి రాలేదు. అది గమనించి ఆ అమ్మాయే వేళ్ళ మీద పదులు లెక్కపెట్టి రెండు వందల దాకా తీసుకెళ్ళి, తక్కువైన పది నా చేతిలో పెట్టింది. "మీకూ తప్పుతుందా ఆంటీ," అని తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

లెక్క తెగట్లేదన్న మాట ఇన్నేళ్ళూ నేను ఎదుటివాళ్ళ పరువు కోసమే అంటూ వచ్చాను. మా బాబాయి దగ్గర నేర్చుకున్న అబద్ధం అది. ఈ మధ్య అది నిజమవుతోంది. అయినా అంటూనే ఉంటాను.