మామిడి మట్ట

లూర్దమ్మ ఇంట్లో, గోడకున్న సిలువ స్వరూపం వెనక ఒక ఎండు మామిడి కొమ్మ ఉంది. ఆకులు రాగి రంగు తిరిగి ముడుచుకుపోయాయి. కాడకి అంటిపెట్టుకున్న ఒకే ఒక్క పిందె మిరియం గింజలా నల్లబడింది.

పోయినేడు మట్టల ఆదివారం, యేసయ్యకి జనం మట్టలూపి స్వాగతమిచ్చిన గుర్తుగా చేసే ఊరేగింపుకి అందరూ ఈత మట్టలు పట్టుకొస్తే, ఆమె ఒక్కగానొక్క కొడుకు మనోజ్ ఆలస్యంగా లేచి, దారిలో తోట కంచె మీదికి వాలిన కొమ్మ విరుచుకుని పరిగెత్తుకొచ్చాడు.

"ఏరా అల్లుడూ, గుడికి తోరణం కట్టడానికొచ్చావా?" అన్నాడు గుడి పనులు చూసే ఉపదేశి చిన్నరాయప్ప.

"యేసయ్య నూజివీడొస్తే మామిడి కొమ్మలే కదా మావయ్యా ఊపేది!"

ఫాదర్ గారు నవ్వు ఆపుకోలేక, దాని మీద కూడా తీర్థం చల్లారు.

ఆ వేసవి మామిడి కోతల్లోనే, కాయల లారీ మీద హనుమాన్ జంక్షన్ వెళ్ళిన మనోజ్ తిరిగి రాలేదు. లారీ బోల్తా పడిందన్నారు. కాయలు రోడ్డంతా దొర్లాయన్నారు. కాయల సంగతి తనకెందుకు చెబుతున్నారో లూర్దమ్మకి అర్థం కాలేదు.

అప్పట్నుంచి స్వరూపం ముందు మోకరించినప్పుడల్లా చేతులు దేవుడికే జోడిస్తుంది. చూపు మాత్రం ఆయన భుజం మీదుగా జారి కొమ్మ దగ్గర ఆగిపోతుంది. జపం ఏ మాటతో మొదలైనా కొడుకు పేరులోకి వెళ్ళి తేలుతుంది. ఇంతకుముందు జపం చేస్తుంటే చీకట్లో కూడా పక్కన ఎవరో కూర్చున్నట్టుండేది. ఆ ఎవరో లేచి వెళ్ళిపోయినట్టుంది ఇప్పుడు.

మామిడి పూతతో పాటే ఉపవాసాల తపస్సు కాలం వచ్చింది. విభూది బుధవారం నుదుట పెట్టే బూడిద కోసం పోయినేటి మట్టలు కాలుస్తారు. చిన్నరాయప్ప గోనెసంచి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు.

"అక్కా, మట్ట ఏమన్నా ఉందా?"

"లేదు తమ్ముడూ. ఎలకలు కొట్టేశాయి."

అతని చూపు గోడ మీదికి వెళ్ళి, వెంటనే చెప్పుల మీదికి దిగింది. "సర్లే అక్కా," అని వెళ్ళిపోయాడు.

లూర్దమ్మ గోడ వైపు తిరగలేకపోయింది. స్వరూపం చూస్తుండగానే అబద్ధమాడింది. ఉపవాసానికి అన్నం మానగలదు, నీసు మానగలదు. మనసంతా ఇమ్మని అడిగే దేవుడి దగ్గర, మనసు దాచిన చోటే మూసిపెట్టింది.

బుధవారం తెల్లారుతుండగా గుడి వెనక చిన్నరాయప్ప బూడిద జల్లిస్తున్నాడు. ఆమె కొంగు చాటు నుంచి కొమ్మ తీసింది.

"ఇది కూడా కలుపు."

"మామిడాకు కదక్కా..." అతను జల్లెడ కింద పెట్టాడు. "ఉంచుకో. దేవుడేమీ అనుకోడు."

"ఆయన అనుకోడు. నాకే ఆయన కనపడట్లేదు తమ్ముడూ. ఇది అడ్డమొస్తోంది."

చిన్నరాయప్ప అగ్గిపుల్ల గీశాడు. ఆకులు ఒక్కసారిగా అంటుకున్నాయి. పిందె చిటుక్కుమంది. ఆ చప్పుడుకి లూర్దమ్మ తనకు తెలియకుండానే మంటలోకి చెయ్యి చాచింది. అతను మణికట్టు పట్టుకుని వెనక్కి లాగాడు.

పూజలో అందరూ వరసగా వెళ్ళి నుదుట బూడిద పెట్టించుకున్నారు. ముసలాళ్ళు, పెళ్ళీడు పిల్లలు, చంకలో పసివాళ్ళు. ఎవరిని చూసినా నుదుటి మీద మనోజ్ ఉన్నాడు. ఆమె వంతు వచ్చింది. ఫాదర్ గారి బొటనవేలు గరుగ్గా తగిలింది.

ఆ తర్వాత ఆడవాళ్ళంతా తోటకి పనికెళ్ళారు. చెట్ల చుట్టూ పాదులు తవ్వుతుంటే మధ్యాహ్నానికి చెమట కారి, ఒక్కో నుదురూ మామూలు నుదురైపోయింది. పక్క చెట్టు కింద తవ్వుతున్న జోజమ్మ నీళ్ళ మోటారు దగ్గర మొహం కడుక్కుంది. బూడిద నీళ్ళు పాదులోకి జారి, మట్టి పీల్చుకుంది.

"నువ్వూ కడుక్కోవే, మొహమంతా చారలు కట్టింది," అంది.

లూర్దమ్మ తలూపింది. కడుక్కోలేదు.

సాయంత్రం ఇంటికొచ్చి మోకరించింది. స్వరూపం వెనక గోడ, కొమ్మ ఉన్నంత మేరా తెల్లగా, ఖాళీగా ఉంది. ఆ తెలుపు వైపు ఒకసారి చూసి, కళ్ళు బలవంతాన ఆయన మొహం మీదికి తెచ్చుకుంది.

"తీసేశాను," అంది. "చూడ్డానికి ఇక నువ్వు తప్ప ఏం లేదు. కనపడు తండ్రీ."